వెనకవైపు గది

ఆ ట్రావెల్ ఆఫీసులో ఆమెను అందరూ గదులమ్మ అనే పిలుస్తారు. టిక్కెట్లకు ఒకడు, వీసా కాగితాలకు ఒకడు ఉన్నారు. ప్రయాణికులు పడుకునే గదుల సంగతి ఆమెది. పదకొండేళ్ళుగా ఆమె ఖరీదైన హోటళ్ళలో గదులు కుదురుస్తోంది. వాటిలో ఒక్కదాని గడప కూడా తొక్కలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "చెప్పుల కొట్టువాడు అన్ని జోళ్ళూ తొడుక్కుని తిరుగుతాడా?" అని నవ్వేస్తుంది.

హోటలువాళ్ళు పంపే ఫోటోలను ఆమె చస్తే నమ్మదు. గది మూలన నక్కి తీస్తే అగ్గిపెట్టె కూడా పెళ్ళిహాలులా కనిపిస్తుందని ఆమెకు తెలుసు. అందుకని ఆమె పద్ధతి ఆమెకుంది. మధ్యాహ్నం మూడింటికి విదేశాల్లోని ఆ హోటళ్ళకు ఫోను చేస్తుంది. అప్పుడు అక్కడ పొద్దున్న. గదులు తుడిచే వేళ. బుకింగులు చూసే తియ్యటి గొంతులతో మాట్లాడకుండా, గదులు శుభ్రం చేసేవాళ్ళకు కలపమంటుంది. ఆ ఆడవాళ్ళ ఇంగ్లీషూ అంతంతమాత్రమే, ఈవిడదీ అంతంతమాత్రమే. ఇద్దరికీ బాగా కుదురుతుంది. వాళ్ళ దగ్గర కొలతల టేపు ఉండదు కానీ నేల తుడిచే కర్ర ఉంటుంది. ముందు ఆ కర్ర పొడవెంతో తేల్చుకుని, తలుపు ఎన్ని కర్రలు, మంచానికీ గోడకీ మధ్య ఎన్ని కర్రలు, స్నానాల గది గడప ఎన్ని వేళ్ళ ఎత్తు, అని ఒక్కొక్కటీ రాసుకుంటుంది. తర్వాత ఆఫీసు వెనక ఉన్న ఖాళీ గదిలో నేలమీద నీలం రంగు అంటుకునే టేపు పట్టీతో ఆ గదిని అసలు సైజులో వేసేస్తుంది. పార్టీలు వచ్చి అందులో నడిచి చూసుకుంటారు. మొదట్లో ఈ చాదస్తానికి పడీపడీ నవ్విన ఓనరు, ఇప్పుడు అది తన ఆలోచనేనని పార్టీలకు చెప్పుకుంటాడు.

సోమవారం నాడు వచ్చిన పార్టీకి ఆఫీసువాళ్ళు ముత్యాలావిడ అని పేరు పెట్టుకున్నారు. మెడలో రెండు పేటల ముత్యాలు, చేతిలో ఫోను. వెనకాల చక్రాల కుర్చీలో ఆవిడ అత్తగారు, కుర్చీ తోస్తూ ఆయమ్మ. ఆయమ్మకు యాభై అయిదేళ్ళుంటాయి. కుడి మోకాలు సరిగా వంగదు కాబోలు, గుమ్మం దగ్గర కుర్చీ ఎత్తేటప్పుడు ఆ కాలు పక్కకు చాపి ఎత్తింది.

"నాలుగు ఊళ్ళండీ. పారిస్, వెనిస్, వియన్నా, ప్రాగ్. పన్నెండు రాత్రులు," అంది ముత్యాలావిడ. "హోటళ్ళు మాత్రం ఫస్టుక్లాసుగా ఉండాలి. మావారికీ నాకూ ఒక గది, అత్తయ్యకి ఒకటి. ఆయా అత్తయ్య గదిలోనే ఉంటుంది."

గదులమ్మ కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పింది. పారిస్ తేలిపోయింది. వెనిస్ దగ్గర పడవ దిగి ఎక్కే మెట్ల గురించి కాసేపు తర్జనభర్జన జరిగి, అదీ తేలింది. వియన్నాకు మూడు హోటళ్ళు చూపించింది. మూడూ ఒకే తరగతివి. ముత్యాలావిడ ఎటూ తేల్చుకోలేక ఫోనులో మొగుడికి ఫోటోలు పంపుతుంటే, కుర్చీ వెనకనుంచి ఆయమ్మ ముందుకు వంగింది.

"గుమ్మం మీద ఆకుపచ్చ గుడ్డ పందిరి ఉంది చూడండి, అది బాగుందమ్మగారూ."

ముత్యాలావిడ నవ్వేసింది. "చూశారా, మా ఆయా కూడా సెలెక్షన్ మొదలుపెట్టింది!"

"దాని కన్ను మంచిది. నా చీరలన్నీ అదే ఎంచుతుంది," అంది కుర్చీలోని పెద్దావిడ. "నేనూ దానికే ఓటేస్తున్నా. అదే పెట్టమ్మాయ్."

"ఒక చిన్న ఇబ్బందుందండీ," అంది గదులమ్మ. వ్యాపారం చెడినా సరే, ఉన్న లోపం చెప్పకుండా ఉండలేని మనిషి. "అందులో చక్రాల కుర్చీ పట్టే తలుపున్న గది ఒక్కటే ఉంది. అది వెనకవైపు. ముందువైపు గదుల్లోంచి తోట, బొమ్మలు, ఫౌంటెను అన్నీ కనిపిస్తాయి. దీనికి కిటికీ తీస్తే సందు తప్ప ఏమీ ఉండదు."

"పర్వాలేదులెండి. అత్తయ్యకి చూపు ఎలాగూ అంతంతే."

"చూపు అంతంతే కానీ చెవులు భేషుగ్గా ఉన్నాయి," అంది పెద్దావిడ.

"వెనకవైపే మంచిదమ్మగారూ," అని ఆయమ్మ గబగబా అందుకుంది. "రోడ్డు గోల ఉండదు, అమ్మగారికి నిద్ర పడుతుంది. అక్కడ ఎన్నాళ్ళుంటామమ్మా?"

"రెండు రాత్రులు," అంది గదులమ్మ.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఆయమ్మ మళ్ళీ అదే అడిగింది. పచ్చ పందిరి హోటల్లో రెండు రాత్రులేనా, మూడు కావా అని. పాపం, ఏ ఊరు ఏదో కూడా తెలియదు, బొమ్మ చూసి ముచ్చటపడినట్టుందని గదులమ్మ అనుకుంది.

మంగళవారం ఆమె ఫోన్లన్నీ చేసింది. వియన్నాలో ఎత్తినావిడ గొంతు బొంగురు, నవ్వు పెద్దది. కర్రతో కొలిచి, మంచం కింద దూరి మరీ కొలిచి, అన్నీ చెప్పింది. గదిలో రెండో మనిషికి మంచం వేస్తే కుర్చీ తిరగదని తేలింది. "అయితే ఆ రెండో మనిషి కింద పడుకుంటారా? పడుకోనీ. ఎవరు చూడొచ్చారు? మందపాటి దుప్పట్లు రెండు నేనే తెచ్చిస్తా," అంది ఆవిడ.

బుధవారం పొద్దున్నే గదులమ్మ చీరకొంగు నడుముకు దోపి, మోకాళ్ళమీద కూర్చుని వియన్నా గదిని నేలమీద వేసింది. తలుపు, మంచం, బల్ల, స్నానాల గది, అందులో తొట్టి. కిటికీ ఉన్న చోట గోడమీద కూడా ఒక పట్టీ అంటించింది.

పెద్దావిడకు ఆ ఆట తెగ నచ్చింది. ఆయమ్మ కుర్చీని నీలం గీతల మధ్యనుంచి జాగ్రత్తగా తోస్తుంటే, "ఇదేనా నా స్నానాల గది? అయితే మీరెవరూ లోపలికి రాకండి, తలుపేసుకుంటున్నా," అని గాలిలో తలుపు మూసింది. ఆయమ్మ కిసుక్కున నవ్వి, బయట నిలబడి తలుపు తట్టినట్టు చేసింది. పెద్దావిడ లోపలనుంచి, "ఎవరూ? మళ్ళీ రండి," అంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా పడీపడీ నవ్వారు. ఫోనులో ఉన్న ముత్యాలావిడ విసుగ్గా చెయ్యెత్తింది.

ఫోను పెట్టేశాక అడిగింది: "మరి ఆయా ఎక్కడ పడుకుంటుంది?"

"రెండో మంచం వేస్తే కుర్చీ తిరగదండీ. పక్కనే చిన్న గది ఉంది. మధ్యలో తలుపు తీసుకోవచ్చు. పిలిస్తే పలికేంత దూరం."

"మంచమెందుకూ, ఇంకో గదెందుకూ! అత్తయ్య మంచానికీ బాత్రూముకీ మధ్య ఇంత చోటుందిగా." ముత్యాలావిడ చెప్పు కొసతో చోటు చూపించింది. "ఏదీ ఆయా, ఒకసారి పడుకో, చూద్దాం."

గదులమ్మకు మొదట అర్థం కాలేదు. ఆయమ్మకు వెంటనే అర్థమైంది. కుర్చీ చెయ్యి పట్టుకుని, వంగని కాలు ముందుకు చాపి, మెల్లగా కిందికి దిగింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. నీలం గీతల మధ్య, ఒట్టి సిమెంటు నేలమీద వెల్లకిలా పడుకుంది. పాదాలు గీత దాటాయి.

"కాళ్ళు కొంచెం ముడుచుకో. ఆఁ, అంతే. సరిపోయింది కదండీ?"

"నా మంచం పెద్దదే కదే అమ్మాయ్," అని పెద్దావిడ ఏదో అనబోయింది.

"మీరూరుకోండత్తయ్యా." ముత్యాలావిడ గదులమ్మవైపు తిరిగింది. "ఎంత చోటు కావాలో గుర్తు వేసుకోండి. మిగతా ఊళ్ళలో కూడా చూడాలి కదా. మీరేమీ అనుకోకండి, ఇది డబ్బు సంగతి కాదండీ, అలవాటు సంగతి. ఒకసారి అలాంటి పరుపుమీద పడుకుని వచ్చిందనుకోండి, ఇక మా ఇంట్లో చాపమీద నిద్రపడుతుందా?"

గదులమ్మ పట్టీ చుట్ట తీసుకుని మోకాళ్ళమీద కూర్చుంది. కూర్చున్నందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు కానీ, అప్పుడు మాత్రం కూర్చుంది. ఆయమ్మ భుజం పక్కనుంచి పాదాల దాకా ఒక పట్టీ, అటుపక్క ఇంకొకటి అంటించింది. ఆమె వెంట్రుకలు అంటుకోకుండా చేత్తో పక్కకు తీసింది. అంత దగ్గరనుంచి చూస్తే ఆయమ్మ నవ్వుతోంది.

"కిటికీ ఎటువైపమ్మా?" అంది పడుకునే.

గదులమ్మ చూపించింది. ఆయమ్మ తల తిప్పి, గోడమీది నీలం పట్టీని చాలాసేపు చూసింది. "తలెత్తితే అందుతుంది," అని తనలో తనే అనుకుంది.

ఆ నవ్వు గదులమ్మకు మింగుడుపడలేదు. మనిషిని నేలమీద పడుకోబెట్టి బల్లను కొలిచినట్టు కొలిస్తే, ఆ మనిషి నవ్వడమేమిటి? ఎన్నేళ్ళు అణిగిమణిగి ఉంటే ఆ నవ్వు అలవాటవుతుంది? ఒళ్ళు మండిపోయింది. ముత్యాలావిడ మీద మంట, తనమీద మంట, చివరికి నవ్వినందుకు ఆయమ్మ మీద కూడా మంట.

గురువారం ఆమె ముత్యాలావిడకు ఫోను చేసింది.

"ఒక చిక్కొచ్చిందండీ. ఒక గదిలో ఎన్ని మంచాలుంటే అంతమందే ఉండాలట. నేలమీద మనిషిని పడుకోనివ్వరు. అగ్నిప్రమాదాల నిబంధన. వియన్నాలో మరీ ఖచ్చితం. తెలిస్తే అందరినీ ఖాళీ చేయిస్తారట."

ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలాంటి నిబంధన ఉందో లేదో ఆమె కనుక్కోలేదు కూడా. పదకొండేళ్ళలో ఒక్క గది గురించి అబద్ధమాడని మనిషి, ఆ రోజు నదురూ బెదురూ లేకుండా ఆడేసింది.

"అయితే ఏం చేద్దామంటారు?"

"పక్క గది తీసుకోవడమేనండీ. వేరే దారి లేదు."

"మావారితో మాట్లాడి చెప్తాను."

ఫోను పెట్టేసి గదులమ్మ టీ తెప్పించుకుంది. ఎన్నడూ లేనిది, ఇంకో కప్పు కూడా తెప్పించుకుంది. రెండు రాత్రులైనా, పన్నెండు రాత్రులైనా, ఆ మనిషి వెల్లదుప్పటి పరిచిన మంచంమీద కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది. ఆ తలుపు లోపలనుంచి గడియ వేసుకుంటుంది. ఆ ఊహకే ఆమెకు కడుపు నిండిపోయింది.

శుక్రవారం ముత్యాలావిడ ఒక్కతే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మీరు ఫోను చేయడం ఎంత మంచిదైందో! మావారన్నారూ, ఇంత తలనొప్పి ఎందుకు, అమ్మకి మాత్రం ప్రయాణం శ్రమ కాదా అని. నిజమే కదండీ? అత్తయ్యా ఆయా ఇక్కడే ఉంటారు. మేమిద్దరమే వెళ్తున్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇద్దరమే!"

గదులమ్మ తెరమీద వాళ్ళ బుకింగు తెరిచింది.

"అన్ని ఊళ్ళలోనూ పెద్ద సూట్లు వేయండి. వియన్నాలో ముందువైపు, ఫౌంటెను కనిపించేలా. అక్కడ ఇంకో రెండు రాత్రులు పెంచండి."

"పెద్దావిడ... ఒప్పుకున్నారా అండీ?"

"ఒప్పుకోవడమేముంది? చెప్పాం. ఆవిడ ఏమీ అనలేదు."

ఓనరు తన గదిలోంచి లేచి వచ్చి, ముత్యాలావిడను కారుదాకా సాగనంపి వచ్చాడు. "శభాష్ గదులమ్మా! మామూలు గదులనుకున్నవి నాలుగు ఊళ్ళలోనూ పెద్ద సూట్లయ్యాయి. నీలాగా అందరూ పార్టీ మనసు కనిపెట్టి పనిచేస్తే ఈ ఆఫీసుకు తిరుగేముంది?" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. టిక్కెట్లవాడు చప్పట్లు కొట్టాడు. ఆమె తెరముందు కూర్చుని వెనకవైపు గదిని రద్దు చేసింది. మీట నొక్కితే చాలు, రద్దయిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు ఆయమ్మ వచ్చింది. చేతిలో కుర్చీ లేకపోయేసరికి ఆమె నడక ఇంకా కుంటుగా కనిపించింది.

"వీసాకిచ్చిన పాస్‌పోర్టులు వెనక్కి ఇమ్మన్నారమ్మా. పెద్దమ్మగారిదీ, నాదీ."

గదులమ్మ అప్పుడు వెనక గదిలో నేలమీది పట్టీలు పీకుతోంది. మంచం పోయింది, బల్ల పోయింది, తొట్టి సగం పోయింది. "కూర్చోండాయమ్మా, తెస్తాను," అంది. ఆయమ్మ కూర్చోలేదు. పని కనిపిస్తే చేతులు ఊరుకోని మనిషి. గోడ పట్టుకుని వంగి, ఒక కొస అందుకుని లాగడం మొదలుపెట్టింది. ఆమె లాగుతున్నది తన చుట్టూ వేసిన పట్టీయే.

"పెద్దావిడ ఎలా ఉన్నారు?" అంది గదులమ్మ.

"నిన్నటినుంచి మాట్లాడ్డంలేదు. స్నానాల గది తలుపు వేసుకునేదాన్నే, అంటుంది అప్పుడప్పుడు. అంతే." ఆయమ్మ పట్టీని ఉండగా చుట్టింది. "రూలు అలా ఉంటే మీరేం చేస్తారమ్మా. మీరు పాపం ఎన్ని ఫోన్లు చేశారో."

గదులమ్మ ఆగలేకపోయింది. "రూలూ లేదు, ఏమీ లేదాయమ్మా. నేనే అబద్ధం చెప్పాను. మిమ్మల్ని అలా నేలమీద పడుకోబెడితే చూడలేకపోయాను. మంచం దొరుకుతుందని చెప్పాను. ఇలా చేస్తారనుకోలేదు."

ఆయమ్మ చేతిలో ఉండ ఆగిపోయింది. కోపం వస్తుందేమోనని గదులమ్మ ఎదురుచూసింది. కోపం రాలేదు. ఆమె మెల్లగా, గోడకు ఆనుకుని, మొన్న పడుకున్న చోటే కూలబడింది.

"మా అమ్మాయి ఆ ఊళ్ళోనే ఉందమ్మా," అంది.

"ఏ ఊళ్ళో?"

"పచ్చ పందిరి ఊళ్ళో. హోటళ్ళ దుప్పట్లు ఉతికే చోట పని. ఏడేళ్ళయింది వెళ్ళి. కాగితాలు సరిగా లేవు, ఇక్కడికొస్తే మళ్ళీ పోనివ్వరు. అక్కడే పెళ్ళి చేసుకుంది, పిల్ల పుట్టింది. నాలుగేళ్ళది. ఫోనులో చూడ్డమే." ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒకసారి ఆ పచ్చ పందిరి ముందు నిలబడి ఫోటో పంపింది. మేం ఉతికేది ఇక్కడి దుప్పట్లే అమ్మా, అని. అందుకే మీ తెరమీద చూడగానే గుర్తుపట్టాను."

"ఆ మాట మీ అమ్మగారికి చెప్పాల్సింది!"

"చెప్తే తీసుకెళ్తారా? అక్కడే ఉండిపోతుంది, మనకి చుట్టుకుంటుంది, అనరూ? అందుకే గుట్టుగా ఉన్నాను. మా అమ్మాయితో కూడా చివరిదాకా చెప్పొద్దనుకున్నాను. కానీ సోమవారమే చెప్పేశాను, ఉండబట్టలేక. మాసిన దుప్పట్లకి బండి రోజూ పొద్దున్నే వెనక గేటుకి వస్తుందట. బండిలో మా అమ్మాయే వస్తుందట. సెలవివ్వకపోయినా, అమ్మగారు నన్ను వదలకపోయినా, కిటికీలోంచి చూసుకోవచ్చు కదా అనుకున్నాం. పిల్లని కూడా ఎత్తుకొస్తానంది."

గదులమ్మకు గోడమీది పట్టీ కనిపించింది. దాన్ని ఇంకా పీకలేదు. తలెత్తితే అందుతుంది, అన్న మాట చెవిలో గింగురుమంది.

"ఆ చోటు నాకు చాలమ్మా," అంది ఆయమ్మ. "నవ్వుతూనే పడుకున్నాను కదా. మీరు చూశారు కదా."

గదులమ్మ ఒక్క ఉదుటున లేచి ఫోను అందుకుంది. ముత్యాలావిడ ఎత్తింది. హోటలువాళ్ళు ఇప్పుడే ఒప్పుకున్నారనీ, నేలమీద పడుకున్నా అభ్యంతరం లేదన్నారనీ, ఆ గది ఇంకా ఖాళీగానే ఉందనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. తన గొంతు తనకే తియ్యగా, బుకింగులవాళ్ళ గొంతులా వినిపించింది.

"అయ్యో, వద్దులెండి," అంది అటునుంచి ముత్యాలావిడ. "ఇద్దరమే అనుకున్నాక ప్రాణం ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను. మీరింకేం కదపకండి. అవునూ, మా ఆయా వచ్చిందా? త్వరగా పంపండి, అత్తయ్యకి మందుల టైమైంది."

ఫోను పెట్టేసి గదులమ్మ ఆయమ్మ మొహం చూసింది. చెప్పనక్కర్లేకపోయింది. రెండు పాస్‌పోర్టులు తెచ్చి ఇస్తే, ఆయమ్మ వాటిని చేతిరుమాల్లో చుట్టి రవికలో దోపుకుంది. లేవడానికి గదులమ్మ చెయ్యి అందించింది. పట్టుకుని లేచింది.

"మీరు చెడు తలపెట్టలేదమ్మా, నాకు తెలుసు," అంది. "ఆ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరు. వాళ్ళు అలవాటు పడ్డారు, నేనూ అలవాటు పడ్డాను. మీరు అడగాల్సింది. పడుకుంటావా ఆయమ్మా, అని ఒక్కమాట."

వంగని కాలు పక్కకు చాపి గడప దాటి వెళ్ళిపోయింది.

మూడయింది. వేళ అలవాటో, ఇంకేమిటో, గదులమ్మ వియన్నాకు ఫోను చేసింది. బొంగురు గొంతావిడే ఎత్తింది. గుర్తుపట్టి పెద్దగా నవ్వింది. మళ్ళీ కర్ర తేవాలా, అని అడిగింది.

"అక్కర్లేదు. మాసిన దుప్పట్ల బండి ఎన్నింటికొస్తుంది?"

"ఆరింటికి. వెనక గేటుకి."

"అందులో వచ్చే అమ్మాయిలు మీకు తెలుసా?"

"ముగ్గురో నలుగురో వస్తారు. మూటలు మోసుకుపోతారు. పేర్లెవరికి తెలుసు?"

"ఆ వెనకవైపు గది కిటికీలోంచి గేటు కనిపిస్తుందా?"

"గేటు తప్ప ఇంకేమీ కనిపించదు," అంది ఆవిడ. "అందుకే ఆ గది ఎవరూ అడగరు. ఎందుకు, కావాలా? ఖాళీగానే ఉంది."

గదులమ్మ గోడమీది నీలం పట్టీవైపు చూసింది.

"వద్దండీ," అంది.